బుడిబుడి అడుగులు... గుడారంలోకి!

మట్టి కనిపిస్తే పిడికెడు నోట్లో. చీమ కనిపిస్తే దాని వెనకాలే పరుగు. అలాంటి రెండేళ్ల బుడతణ్ని తీసుకెళ్లి లంబసింగిలోనో అనంతగిరిలోనో గుడారంలో పడుకోబెడతామంటే... 'చంటాడితో అడవికా!' అని బామ్మలు గుండెలు బాదుకోవడం సహజమే. ఆ భయంలో నిజం లేకపోలేదు. అయితే కాస్త ముందుచూపు ఉంటే సరదాకి అది అడ్డు కాదు.

ముందు మేడమీద

కొత్త చోటు, పైగా చీకటి... పిల్లలు బెంబేలెత్తుతారు. అందుకే వారం ముందే గుడారాన్ని మేడమీద వేసి ఆడుకోనివ్వాలి. వీలైతే ఓ రాత్రి అక్కడే నిద్ర. రోజూ పక్కలో ఉండే దుప్పటీ బొమ్మా ప్రయాణంలోనూ వెంట ఉండాల్సిందే. మొదటిసారికి దగ్గరి చోటే మేలు. హైదరాబాద్ వాళ్లకైతే సుమారు 80 కిలోమీటర్ల దూరంలో వికారాబాద్ అనంతగిరి కొండలున్నాయి. గుడారాలతోపాటు గదులు కూడా ఉన్న చోటు ఎంచుకుంటే, పిల్లాడు అర్ధరాత్రి గుక్కపట్టినా పొగమంచులో ఘాట్ రోడ్డు దిగాల్సిన పని ఉండదు.

చలితో జాగ్రత్త!

సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా పడిపోతుంది. పసివాళ్ల ఒంట్లోంచి వేడి పెద్దవాళ్లకన్నా త్వరగా పోతుంది. ఒక్క లావుపాటి స్వెట్టరు కన్నా రెండు మూడు పల్చటి చొక్కాలు ఒకదానిపై ఒకటి వేయడం నయం. తలకి టోపీ, పక్క కింద మందపాటి చాప తప్పనిసరి. అరచేతులు కాదు, మెడ వెనక తాకి చూస్తే ఒళ్లు వెచ్చగా ఉందో లేదో తెలుస్తుంది.

చలేస్తోందని నిప్పుల కుంపటిని గుడారంలోకి మాత్రం తేవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

జిప్పు మూయాల్సిందే

కట్లపాము తిరిగేది రాత్రిపూటే. నేలమీద పడుకున్నవారిని కాటేసినా ఒక్కోసారి నొప్పే తెలియదు. కాబట్టి గుడారం జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి. తినుబండారాలు లోపల పెడితే ఎలుకలొస్తాయి, వాటి కోసం పాములూ రావచ్చు. కాటు అనుమానం వస్తే కోయడం, బిగించి కట్టడం వద్దు. కదలనివ్వకుండా ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చాలి. కొండల్లో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు. దగ్గరి ఆసుపత్రి ఎక్కడో ముందే కనుక్కుంటే 108 కోసం వెతుక్కునే అవస్థ తప్పుతుంది.

మన్యంలో మలేరియా దోమల బెడద కూడా ఉంది. సాయంత్రం కాగానే నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేయాలి. దోమల క్రీము ఏది వాడాలో డాక్టర్ని అడగాలి. అరచేతులకి రాయకూడదు, ఆ వేళ్లే నోట్లోకి వెళ్తాయి మరి! తిరిగొచ్చాక జ్వరం వస్తే మన్యం వెళ్లొచ్చామన్న సంగతి డాక్టరుకి చెప్పాలి.

బొంగులో చికెన్ పెద్దలకే

పిల్లాడికి ఇంటి రుచే మంచిది. బియ్యం, పెసరపప్పు వేయించి డబ్బాలో పోసుకెళ్తే పావుగంటలో మెత్తటి పొంగలి రెడీ. నీళ్లు మరిగించి చల్లార్చినవే పట్టాలి. వేరుశనగలు, పాప్‌కార్న్ గొంతుకి అడ్డుపడే ప్రమాదముంది, ఇవ్వొద్దు.

చలిమంట ఆరినా బూడిద కింద నిప్పు తెల్లారేదాకా ఉంటుంది. నీళ్లు పోసి చల్లార్చాకే పడుకోవాలి. ఇక వాగు దగ్గర... జానెడు లోతు నీళ్లు కూడా పసివాళ్లకి ప్రమాదమే. పదిమంది ఉన్నారు కదా, ఎవరో ఒకరు చూస్తారులే అనుకుంటే చివరికి ఎవరూ చూడరు. గంటకొకరు చొప్పున వంతులు వేసుకోవాలి.

ఇన్ని చేసి తీసుకెళ్తే వాడు వ్యూపాయింట్ వంక కూడా చూడడు. నత్త వెనకాలే పాకుతాడు, గులకరాళ్లు ఏరి అమ్మ ఒళ్లో పోస్తాడు. చూడాల్సినవాటి జాబితా పక్కన పెట్టి ఓ పూట వాడి వెంట నడిస్తే, పెద్దవాళ్లకీ అడవి కొత్తగా కనిపిస్తుంది!