మంచం పక్కనున్న మనిషికీ లెక్క కావాలి

పింఛను రోగి పేరున వస్తుంది. రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే ఇల్లాలికి ఏం కావాలో అడిగేదెవరు?

ఇళ్లలో జీతం లేకుండా రోగులను చూసుకునేవాళ్లకు ప్రభుత్వ సాయం ఏముందో ఈ ఆదివారానికి రాయమన్నారు సంపాదకులు. పథకాలన్నీ వరసబెట్టి రాద్దామనుకున్నాను. గడువు దగ్గరపడుతున్నా 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 38వ సెక్షన్ నన్ను వదల్లేదు.

నెల్లూరు తీరాన మైపాడులోనో జువ్వలదిన్నెలోనో పక్షవాతంతో మంచాన పడ్డ మామగారు, ఆయన్ని చూసుకునే కోడలు ఉన్నారనుకుందాం. గంపెత్తుకుని చేపలమ్మే మనిషి ఆమె. ఇప్పుడు గంప దించేసింది. ఆయన్ని పక్కకు తిప్పుతూ ఉండాలి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. ఒళ్లు తుడవాలి, తినిపించాలి. సదరం సర్టిఫికెట్లో ఆయన వైకల్యం ఎంత శాతమో ఉంటుంది. ఆమె నడుం నొప్పి, కరువైన నిద్ర, పోయిన రాబడి అందులో ఉండవు.

38వ సెక్షన్ శాతంతో ఆగదు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉండి ఎక్కువ సాయం అవసరమైనవారు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్ల తరఫున ఇంకెవరైనా పెట్టవచ్చు. అంటే ఆ కోడలూ పెట్టవచ్చు. మదింపు బోర్డు పరిశీలించి, ఎలాంటి సాయం కావాలో నివేదిక ఇవ్వాలి. దాన్నిబట్టి, ఉన్న పథకాలకు లోబడి, అధికారులు సాయం అందించాలి. ఇదే చట్టం డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా చూసుకునేవారిని సంరక్షకులుగానే గుర్తించింది. 24వ సెక్షన్ సంరక్షకుల భత్యం మాట కూడా చెప్పింది.

అయినా లోటుంది. మదింపు రోగి అవసరం చుట్టూనే తిరుగుతుంది. ఇంగ్లండులో 2014 నాటి సంరక్షణ చట్టం ప్రకారం చూసుకునే మనిషికి విడిగా మదింపు చేయాలి. ఈ పని చేయగలరా, చేయడం ఇష్టమేనా, ఉద్యోగం చేయాలని ఉందా అని అడగాలి. మన కోడళ్లను ఇష్టమేనా అని అడిగే కాగితం రావాలన్నదే నా కోరిక.

చరిత్ర క్లుప్తంగా: 1995లో తొలి వికలాంగుల చట్టం, 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం, 2007లో ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికకు భారత్ ఆమోదం, 2017 ఏప్రిల్ 19 నుంచి ఈ 2016 చట్టం అమలు.

సముద్రంలో వేట ఆగే 61 రోజులకు మత్స్యకార కుటుంబానికి 2025లో 20,000 రూపాయలు ఇచ్చారు. అది న్యాయం. గంప దించిన ఆడమనిషి రోజులకూ అలాంటి లెక్క ఉండాలి.

ఇవీ తెలుసుకోండి

• ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయల పింఛను ఉంది.

• ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది.

• కేరళ ఆశ్వాసకిరణం పథకం సంరక్షకులకే నెలకు 600 రూపాయలు ఇస్తోంది. చిన్న మొత్తమే, కానీ వారి పేరునే.

• 2024 కేంద్ర సర్వే ప్రకారం ఇంట్లోవాళ్లను చూసుకునే 15–59 ఏళ్ల మహిళలు ఆ పనికి రోజుకు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు.

• సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చేటప్పుడు 38వ సెక్షన్ కింద మదింపు కావాలని స్పష్టంగా రాయండి. మీ పగలు, మీ రాత్రి ఎలా గడుస్తున్నాయో కూడా అందులో రాయండి. రసీదు తీసుకోవడం మరవకండి.