పూసకు మెరుగు, ఊపిరికి ముప్పు

ఖంభాత్: గుజరాత్‌లోని ఈ ఒకనాటి రేవు పట్టణంలో తయారయ్యే అగేట్ పూసల నునుపుకూ, వాటికి సానపట్టే కార్మికుల ప్రాణాలు తోడేస్తున్న వ్యాధికీ మూలం ఒక్కటే. అది సిలికా.

అగేట్ పలుగురాయి జాతిదే. అయితే దీని స్ఫటికాలు కంటికి కానరానంత సూక్ష్మమైనవి. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కన్‌పై పరచుకున్న లావా చల్లారినపుడు అందులో మిగిలిన బుడగల ఖాళీలలోకి సిలికా కరిగిన నీరు చేరి, పొరలుగా పేరుకొనగా ఈ రాయి ఏర్పడింది. భరూచ్ జిల్లా రతన్‌పూర్ ప్రాంతంలో లభించే రాళ్లను ఎండబెట్టి కాలిస్తే అందులోని ఇనుము వల్ల ఎరుపెక్కుతాయి. హరప్పా నాటి ఇటువంటి ఎర్రపూసలు ఇరాక్‌లోని ఉర్ రాజసమాధులలోనూ బయల్పడ్డాయి.

మోస్ కొలమానంపై దీని కాఠిన్యం 6.5 నుంచి 7. చాలా ఆమ్లాలకు ఇది చెక్కుచెదరదు. అందువల్లనే ప్రయోగశాలల కల్వాలకు, సున్నితపు త్రాసుల ఆధారపు అంచులకు దీనిని వాడుతూ వచ్చారు.

ఇంతటి గట్టి రాయి సానచక్రం కింద పిండిగా మారుతుంది. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి వాటిని మచ్చకట్టిస్తుంది. ఈ సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. పైగా క్షయ సోకే అవకాశం పెరుగుతుంది. వ్యాధినే క్షయగా పొరబడటమూ కద్దు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ అధ్యయనాలు ఈ ముప్పును నిర్ధారించాయి. ధూళిని పుట్టినచోటనే పీల్చివేసే యంత్రాలు లేకపోలేదు. కానీ ఈ పని అధికభాగం కర్మాగారాలుగా నమోదు కాని ఇళ్లలో, వసారాలలో సాగేది. చక్రం పట్టనివారూ, పసిపిల్లలూ ఆ గాలినే పీల్చవలసి వస్తున్నది.