బోరు నెంబరు చెప్పని సంగతి

"తాతా, మా ఆఫీసులో ఇద్దరు నడుముకు పిస్టల్ పెట్టుకుని తిరుగుతారు. 9 ఎంఎం మేలని ఒకడు, .45 మేలని ఇంకొకడు. నువ్వు చెప్పు, ఏది గట్టిది?" అని డల్లాస్ నుంచి మనవడు అడిగినాడు.

చెప్తా అబ్బోడా, ముందు ఆ నెంబర్ల సంగతి చూద్దాం. .45 అంటే గొట్టం వెడల్పు అంగుళాన్ని నూరు పాళ్లు చేస్తే అందులో 45 పాళ్లు. మన లెక్కలో దాదాపు పదకొండున్నర మిల్లీమీటర్లు. 9 ఎంఎం అన్నది నేరుగా మిల్లీమీటర్లే. మన అనంతపురం పల్లెల్లో కనబడే 12 బోరు తుపాకి లెక్క వేరు. ఒక పౌను సీసం కరిగించి 12 సమానమైన గుండ్లు పోస్తే, ఆ గుండు ఒకటి పట్టేంత గొట్టం అది. పౌను 454 గ్రాములు గదా, గుండు 38 గ్రాములకు కాస్త తక్కువ. సీసం ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు తూగుతుంది. లెక్కేస్తే గుండు అడ్డుకొలత 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. 16 బోరు దీనికన్నా సన్నం ఎందుకో ఇప్పుడు తెలిసిందా? పౌనుకు 16 గుండ్లు రావాలంటే గుండు చిన్నది కావాల్సిందే.

ఎట్లా చెప్పినా ఈ నెంబర్లు చెప్పేది వెడల్పే. మన చేలల్లో అందరూ వేసేది ఆరున్నర అంగుళాల బోరే. ఒకరి చేన్లో రెండించుల నీళ్లు పడతాయి, గట్టు అవతల వట్టి దుమ్ము లేస్తుంది. బోరు వెడల్పు చూసి నీళ్లెన్నో చెప్పగలమా? తుపాకి కథా అంతే.

తూటా బలం దాని బరువులో, వేగంలో ఉంటుంది. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపు. వేగం రెట్టింపైతే మాత్రం శక్తి నాలుగింతలు. 9 ఎంఎం తూటా సుమారు 8 గ్రాములు, సెకనుకు 350 మీటర్ల పైచిలుకు పోతుంది. .45 తూటా దాదాపు 15 గ్రాములు, పోయేది 255 మీటర్లు. లెక్క కడితే రెండింటి శక్తీ ఇంచుమించు 500 జౌళ్ల దగ్గరే తేలుతుంది. లావుగా ఉండేది నిదానం, సన్నది చురుకు.

అయితే పట్టుకున్న చేతికి తెలిసే తేడా ఒకటుంది. తూటా ముందుకు ఎంత ఊపుతో పోతే తుపాకి వెనక్కు అంత ఊపుతో తంతుంది. న్యూటన్ చెప్పిందే. ఈ ఊపుకు బరువును వేగంతో ఒక్కసారే గుణిస్తారు. ఆ లెక్కన .45 తన్ను మూడో వంతు ఎక్కువ. తుపాకి తేలికైతే తన్ను ఇంకా తెలుస్తుంది.

అమెరికా ఎఫ్‌బీఐ వాళ్లకు ఇది తెలిసేదానికి పాతికేళ్ల పైన పట్టింది. 1986 ఏప్రిల్ 11న మయామిలో ఇద్దరు దొంగలతో జరిగిన కాల్పుల్లో వాళ్ల ఏజెంట్లు ఇద్దరు చనిపోయినారు, ఐదుగురు గాయపడినారు. 9 ఎంఎం తూటా లోతుకు దిగలేదని తప్పంతా దాని మీద వేసి 10 ఎంఎంకు పోయినారు. దాని తన్ను చాలామంది చేతులు ఆపలేకపోయినాయి. తర్వాత .40 వచ్చింది. చివరకు 2014 తర్వాత మళ్లీ 9 ఎంఎంకే వచ్చినారు. ఈలోగా తూటాల తయారీ మెరుగుపడింది, తన్ను తక్కువైతే గురి కుదురుతుందని తేలింది.

మీ టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, చట్టం వద్దన్నవాళ్లు తప్ప 21 ఏళ్లు నిండినవాళ్లు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. ఇక్కడ కుదరదప్పా. 9 ఎంఎం, .45 రెండూ ఇక్కడ నిషేధిత బోర్లే. సైన్యం, పోలీసులు వాడే తూటా మామూలు జనం తుపాకిలో పట్టకూడదన్నది 1959 ఆయుధాల చట్టం కింద పెట్టిన రూలు. అందుకే మన లీడర్ల వెనకాల గన్‌మెన్ దగ్గర ఉండేది ఒకటి, లీడరు సొంత లైసెన్సు మీద కొనేది ఇంకొకటి. లైసెన్సు మీద దొరికేది ఎక్కువగా కాన్పూరులో చేసే .32 రివాల్వర్. దాని తూటా ఆరు గ్రాముల పైన, శక్తి 150 జౌళ్లు దాటితే గొప్ప. ఆడవాళ్ల కోసమని 2014లో అక్కడే 'నిర్భీక్' అని అర కిలో రివాల్వర్ తెచ్చినారు. అదీ .32నే. అప్పట్లో ధర మాత్రం లక్షా ఇరవై వేల పైమాట!

శెనక్కాయ చేన్లో అడవి పందులు పడితే కాపలాకని మందు కూరే తుపాకికి చట్టం లైసెన్సు ఇస్తుంది, పందిని కాల్చాలంటే మళ్లీ వేరే అనుమతి కావాలి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో జమ చేయమంటారు. ఒకరి పేరిట మూడు తుపాకులు ఉండొచ్చన్నదాన్ని 2019లో రెండుకు దించినారు. పెళ్లిళ్లలో, జాతర్లలో సంబరానికి పేల్చితే రెండేళ్ల దాకా జైలని అప్పుడే పెట్టినారు. మంచిపనే. గురి తప్పిన పిస్టల్ తూటా కిలోమీటరు పైన పోగలదు. పైకి పేల్చినదీ కిందికి రాక తప్పదు. ఎవరి మిద్దె మీద పడుతుందో ఏ నెంబరూ చెప్పదు.