నిలిచిపోయిన హ్యాచ్‌బ్యాక్‌ను మళ్లీ రోడ్డెక్కించడం

మామూలు కుటుంబ కారు ఒడ్డూపొడవులోనే బలమైన ఇంజన్, బిగువైన సస్పెన్షన్, గట్టి బ్రేకులు అమర్చిన చిన్న కారును హాట్ హ్యాచ్ అంటారు. ఫోక్స్‌వ్యాగన్ 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో చూపించి, మరుసటి ఏడాది అమ్మకానికి తెచ్చిన గోల్ఫ్ జీటీఐ 110 హార్స్‌పవర్‌తో ఈ తరహాకు ప్రపంచమంతా పేరు తెచ్చింది. మన దేశంలో 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6 ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి. ఆ తర్వాత 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 2015లో 145 హార్స్‌పవర్ అబార్త్ పుంటో, 2017లో బలెనో ఆర్ఎస్, 2018లో టియాగో జేటీపీ వచ్చాయి. పోలో తప్ప మిగతావి కొన్నేళ్లకే ఆగిపోయాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి ఊళ్లలో పని నేర్చుకోవాలనుకునే కుర్రాడికి వీటికంటే సులభంగా దొరికేది, మెకానిక్‌లకు బాగా తెలిసినది 2005లో వచ్చిన తొలితరం మారుతి స్విఫ్ట్ 1.3 పెట్రోల్. ఖచ్చితంగా చెప్పాలంటే అది హాట్ హ్యాచ్ కాదు. అయినా 87 హార్స్‌పవర్ ఇంజన్, సుమారు టన్ను బరువు కలిసి దానికి మంచి పికప్ ఇచ్చాయి.

ఆ ఇంజన్ చరిత్రే దాని బలం. జీ13బీబీ అనే ఈ 1298 సీసీ, 16 వాల్వుల ఇంజన్ ఎస్టీమ్‌లోనూ, జిప్సీలోనూ పనిచేసింది. కోయంబత్తూరు కరి ట్రాక్ మీద పరుగెత్తే ఎల్‌జీబీ ఫార్ములా 4 రేసు కార్లలో ఉన్నది కూడా స్విఫ్ట్ 1300 సీసీ ఇంజనే. ఇన్ని బండ్లలో వాడిన ఇంజన్ కాబట్టి గాస్కెట్లు, బేరింగులు, బెల్టులు ఇప్పటికీ దొరుకుతాయి. కరీంనగర్‌లో లేనిది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. అబార్త్ పుంటో టర్బో విడిభాగానికో, పోలో జీటీలోని ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు మరమ్మతుకో ఆ వెసులుబాటు లేదు. డీఎస్‌జీని సరిచేయాలంటే కంప్యూటర్ స్కానర్, శిక్షణ ఉన్న చేతులు రెండూ కావాలి. మొదటిసారి చేయి పెట్టేవాళ్లు మాన్యువల్ గేరు, టర్బో లేని ఇంజన్ ఎంచుకోవడమే మేలు.

ఈ ప్రాంతంలో కార్లు పాడుబడటానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల నుంచి దుబాయ్, మస్కట్, సౌదీలకు పనికి వెళ్లినవాళ్లు చాలామంది. సెలవుపై వచ్చినప్పుడు ముచ్చటపడి కొన్న కారు, మనిషి తిరిగి వెళ్లాక ఇంటి ముందు టార్పాలిన్ కింద ఏళ్లకేళ్లు ఉండిపోతుంది. మీటరు చూస్తే 40 వేల కిలోమీటర్లు కూడా దాటి ఉండదు. కొనేవాళ్లు ఆ అంకెకు ఆశపడతారు. కానీ రోజూ తిరిగిన లక్ష కిలోమీటర్ల బండికంటే కదలకుండా ఐదేళ్లు నిలబడిన బండే ఎక్కువ పాడవుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే జగిత్యాల ఎండకు రబ్బరు పగులుతుంది. వానాకాలంలో టార్పాలిన్ కింద చిక్కుకున్న తేమకు రేకు తుప్పు పడుతుంది. పొలాల నుంచి వచ్చిన ఎలుకలు వైర్లు కొరికేస్తాయి.

బేరం మొదలుపెట్టేది కాగితాల దగ్గరే. 2005–2010 మధ్య కొన్న స్విఫ్ట్‌కు పాత కరీంనగర్ జిల్లా నంబరు, అంటే ఏపీ 15, ఉండే అవకాశం ఎక్కువ. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక జగిత్యాలకు టీఎస్ 21, సిరిసిల్లకు టీఎస్ 23 కోడ్‌లు వచ్చాయి. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం కారుకు ఈ ఫీజు 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన కారుకు 2025 నుంచి 10,000. చాలామంది మరిచిపోయే సంగతి మరొకటి ఉంది. గడువు దాటాక ఆలస్యమైన ప్రతి నెలకూ కారుకు 500 రూపాయలు అదనంగా కట్టాలనే నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మూడేళ్లు ఆలస్యమైతే ఆ ఒక్క పద్దే 18,000. దానికి తోడు రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. ఈ లెక్క వేసుకోకుండా బేరమాడితే చౌకగా దొరికిందనుకున్న కారు చౌక కాకుండా పోతుంది.

యాజమాన్యం మారాలంటే ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకం ఉండాలి. యజమాని గల్ఫ్‌లో ఉంటే అతను సెలవుపై వచ్చేదాకా ఆగడం మంచిది. తమ్ముడి మాటో బావ మాటో నమ్మి డబ్బు చేతిలో పెట్టడం సరికాదు. యజమాని చనిపోయి ఉంటే ముందు వారసుల పేరుకు ఫారం 31తో మార్పించాలి. ఫైనాన్స్ తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు మిగిలి ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 అవసరం. పెండింగ్ ఈ-చలానాలు తెలంగాణ పోలీసుల వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూడవచ్చు. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చుకోవాలి.

తర్వాత బాడీ. ఇంజన్ భాగాలు కొనుక్కోవచ్చు గానీ తుప్పు తిన్న బాడీకి బదులు కొత్తది కొనలేం. అందుకే నడుస్తున్న ఇంజన్, కుళ్లిన బాడీ ఉన్న కారుకంటే ఆగిన ఇంజన్, గట్టి బాడీ ఉన్న కారు నయం. వెనక చక్రాల పైనున్న వంపులు, తలుపుల కింది గడపలు, స్టెప్నీ పెట్టే గుంత, ముందు షాకబ్జార్బర్ పైభాగం బిగించిన చోటు, ఈ నాలుగూ చేత్తో తడిమి చూడాలి. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి బాడీ మీద నడిపిస్తే, అది పట్టు వదిలిన చోట రంగు కింద మందపాటి పుట్టీ ఉందని అర్థం. మ్యాట్ ఎత్తి కింద చేయి పెడితే తడి తగిలిందంటే తలుపు రబ్బరు నుంచో, ముందు అద్దం అంచు నుంచో నీళ్లు దిగుతున్నాయి. గడపల దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే రేకు లోపలికి పోతున్న కారును ఎంత తక్కువకు ఇచ్చినా మొదటిసారి చేసేవాళ్లు ముట్టుకోకపోవడమే మంచిది.

కారు ఇంటికి చేరగానే కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాలని చేయి దురద పెడుతుంది. ఆ పని మాత్రం చేయకూడదు. ఏళ్లుగా ఆగిన ఇంజన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర ఎండిపోయి ఉంటుంది. అలాగే తిప్పితే పిస్టన్ రింగులు గోడలను గీరేస్తాయి. ముందు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయాలి. పొద్దున క్రాంక్ పుల్లీ బోల్టుకు రింగు పానా తగిలించి, ఇంజన్ తిరిగే దిశలోనే చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడా పట్టేయకుండా, ఒకే బిగువుతో తిరిగితే మంచి సూచన. పట్టేస్తే పానాకు పైపు తగిలించి బలవంతంగా తిప్పకూడదు. మళ్లీ ఆయిల్ పోసి ఆగాలి. పాత ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చాక ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొడితే డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ గుర్తు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అది ఆరాకే ప్లగ్గులు బిగించాలి. ఇంజన్ నడిచాక కంప్రెషన్ పరీక్ష చేయిస్తే నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతానికి మించకూడదు. మించితే బోర్‌కు వచ్చిందో, వాల్వులు కూర్చోవడం లేదో తెలుసుకున్నాకే మిగతా ఖర్చు పెట్టాలి. జీ13బీబీకి టైమింగ్ చైన్ కాదు, బెల్టు ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క పక్కన పెట్టి, వయసు చూసి ఆ బెల్టునూ టెన్షనర్‌నూ మార్చేయాలి. ఆ విప్పుడులోనే క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్లు కూడా మారిస్తే కూలి కలిసొస్తుంది.

ట్యాంకులో నిలవున్న పెట్రోలు పూర్తిగా తీసేయాలి. పెట్రోలులో కలిపే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది; నీరు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇంత పాత కార్ల రబ్బరు భాగాలను దీనికోసం తయారుచేయలేదు. అందువల్ల ఫ్యూయల్ గొట్టాలు, ఇంజెక్టర్ ఓ-రింగులు కొత్తవి వేయడం, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు పెట్రోలు వాసన వస్తుందేమో గమనించడం అవసరం.

కదలడానికి ముందు ఆగడం చూసుకోవాలి. బ్రేక్ ఆయిల్ కూడా తేమను పీల్చే ద్రవమే. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీరు పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. కొండగట్టు ఘాట్ దిగుతూ వరసగా బ్రేకు తొక్కితే అది మరిగి ఆవిరై, పెడల్ అడుగుకు వెళ్లిపోతుంది. కారును స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం తీసి క్యాలిపర్ విప్పితే నిలబడిన కారు జబ్బు కళ్లకు కనిపిస్తుంది. క్యాలిపర్ జారే రెండు పిన్నులు గ్రీజు ఎండి పట్టేసి ఉంటాయి. లోపలి ప్యాడ్ అరిగిపోయి బయటిది కొత్తదిలా ఉంటుంది. పిన్నులు తీసి, ఉప్పుకాగితంతో కాకుండా గుడ్డ, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు పలుచగా రాసి, చేత్తో తోస్తే సులువుగా జారేలా చేయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. పిస్టన్ మీద తుప్పు మచ్చలుంటే సీల్ కిట్ వేసినా కారుతుంది, పిస్టన్ మార్చాల్సిందే. డిస్కు మీద పైపైన పట్టిన ఎర్ర తుప్పు కొన్ని బ్రేకులకు పోతుంది. గుంతలు పడితే కంపెనీ చెప్పిన కనీస మందం మిగిలేదాకా లేత్ మీద నున్నగా తీయించవచ్చు. మరమగ్గాల విడిభాగాలు చెక్కే లేత్ షాపులు సిరిసిల్లలో ఉండనే ఉన్నాయి. వెనక డ్రమ్ములు తెరిచి వీల్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తి చూస్తే లోపల తడి కనిపించకూడదు. చివరగా కొత్త ద్రవం పోసి, గాలి బుడగలన్నీ పోయేదాకా నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్ చేయాలి. ఈ ఒక్క పని దగ్గర అనుభవమున్న మెకానిక్ పక్కన నిలబడి చూడాలి.

బలెనో ఆర్ఎస్ కొనేవాళ్లకు బ్రేకు విషయంలోనే మరో జాగ్రత్త ఉంది. బ్రేకుకు తోడ్పడే వాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చని మారుతి 2023 ఏప్రిల్‌లో 7,213 బలెనో ఆర్ఎస్‌లను వెనక్కి పిలిచింది. ఛాసిస్ నంబరు చెబితే ఆ పని జరిగిందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో తెలుస్తుంది.

ఈ ఎండల్లో కూలింగ్‌ది బ్రేకుల తర్వాతి స్థానం. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసిన కారు రేడియేటర్‌లో ఉప్పు పొర కడుతుంది. దాన్ని పూర్తిగా కడిగించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయాలి. హీటవుతోందని థర్మోస్టాట్ తీసిపారేసే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. అది తప్పు వైద్యం. థర్మోస్టాట్ లేని ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది, వేడెక్కడానికి అసలు కారణం మాత్రం అలాగే ఉంటుంది. రేడియేటర్, ఫ్యాను, వాటర్ పంపు, ప్రెషర్ మూత చూసి ఆ కారణాన్ని పట్టుకోవాలి. ఆయిల్ మూత లోపలి వైపు పాలమీగడ రంగు జిగురు కనిపించి, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి.

టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు దాని వయసు చెబుతాయి: 2315 అంటే 2015లో 23వ వారం తయారైంది. గాట్లు లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు వాడకూడదు. సస్పెన్షన్ బుష్‌లు, స్టీరింగ్ చివరి జాయింట్లు, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు వరసగా చూసి పగిలినవి మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ఎలుకలు కొరికిన వైర్లను టేపు చుట్టి వదలకుండా సోల్డర్ చేసి స్లీవ్ వేయాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టే.

పవర్ పెంచాలన్న కోరిక ఇవన్నీ అయ్యాక రావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. నిబంధనలు ఒప్పుకోని ఒక్కో మార్పుకు ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మోత పెట్టే సైలెన్సర్‌కు జరిమానా 10,000 దాకా వెళ్లవచ్చు. రంగు మార్చుకోవడం మాత్రం ఆర్‌సీలో నమోదు చేయించుకుంటే తప్పు కాదు. నిజానికి కొత్త ప్లగ్గులు, శుభ్రమైన థ్రాటిల్ బాడీ, కడిగిన ఇంజెక్టర్లు, సరైన గాలి ఉన్న మంచి టైర్లు ఉంటే, మూలనపడి పోయిన పికప్‌లో చాలా భాగం తిరిగి వస్తుంది. చట్టం ఒప్పుకునే అతి మంచి అప్‌గ్రేడ్ అదే.

ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతికొచ్చాక మొదటి పరుగులు ఊరి చుట్టే ఉండాలి. కోరుట్ల నుంచి జగిత్యాలకు జాతీయ రహదారి 63 మీద పొద్దున్నే ఓసారి వెళ్లి వచ్చి, చల్లారాక బానెట్ ఎత్తి కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలు చూడాలి. కారు నిలిపిన చోట నేల మీద మరకలు వెతకాలి. మొదటి 100 కిలోమీటర్లకు చక్రాల నట్లు మళ్లీ బిగించాలి. 500 దాటాక ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మరోసారి మార్చాలి. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి అంతా ఆ మొదటి ఆయిల్‌లోనే కరిగి వస్తుంది. వచ్చిన ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద వడగట్టి చూసి, మెరిసే లోహపు పొడి లేకపోతే కరీంనగర్ దాకా ధైర్యంగా తీసుకెళ్లవచ్చు.