చూస్తే రాదు, చేస్తేనే వస్తుంది



తిరుపతిలో డిగ్రీ చదువుచుండిన మా సంఘపు అమ్మాయికి మొదటి సంవత్సరం కంప్యూటరు పరీక్షలో మంచి మార్కులు వచ్చినవి. ఆ సంతోషంలో నేను, "అమ్మా, యౌవనస్థుల కూడికకు ఆహ్వాన పత్రం టైపు చేసిపెట్టు" అన్నాను. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకొని, తల వంచుకొన్నది.

"అయ్యగారూ, మా ల్యాబులో ముగ్గురికి ఒకటే కంప్యూటరు. వచ్చినవాళ్లే మౌసు పట్టుకొంటారు. నేను పక్కన కూర్చుని నోట్సు రాసుకొనేదాన్ని" అన్నది.

ర్యామ్ అంటే ఏమిటో తడుముకోకుండా చెప్పగలదు. ఫైలు ఎక్కడ దాచాలో మాత్రం తెలియదు!

తప్పు ఆమెది మాత్రమే కాదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడిన నాటినుండి పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు పిల్లలు ఎందరో తిరుపతికి చదువుకు వచ్చుచున్నారు. ఇంట్లో కంప్యూటరు లేని బిడ్డకు, చేయి పెడితే పాడవుతుందేమో, డబ్బు కట్టమంటారేమో అని భయం. ఈ భయమే వారిని వెనుక బల్లకు నెట్టుచున్నది.

మన రాష్ట్రపు డిగ్రీ కళాశాలల్లో 2015-16 నుండి అమలైన క్రెడిట్ విధానంలో బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. అను భేదం లేకుండా కంప్యూటరు ప్రాథమికాంశాలను, ఆఫీసు పనిముట్లను పాఠంగా పెట్టారు. తరువాత పాఠ్యప్రణాళికలు మారినా, నేర్వవలసిన మూల సంగతులు అవే: ఉత్తరం టైపు చేయుట, లెక్కల పట్టిక వేయుట, ఫైలు దాచుట, ఈ-మెయిలు పంపుట.

వీటిని మన ఇంటి పనితోనే నేర్చుకోవచ్చును. పాలు పోసే తల్లి లెక్క తీసికొనండి. ఎక్సెల్ పట్టికలో ఒక వరుసలో తేదీ, తరువాతి వరుసల్లో లీటర్లు, ధర. లీటర్లను ధరతో హెచ్చవేయు సూత్రం ఒక్క గడిలో రాసి కిందికి లాగితే, నెలంతటి లెక్క వచ్చును. ధర మార్చితే మొత్తం తానే మారును. డెయిరీ చీటీతో సరిపోల్చుకొనవచ్చును.

టైపు చేసినది దాచనంతవరకు ర్యామ్‌లోనే ఉండును. అది పలక వంటిది; కరెంటు పోతే చెరిగిపోవును. హార్డ్ డిస్కు నోటుపుస్తకం వంటిది. అందుకే నాలుగు వాక్యాలకొకసారి కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కవలెను. ఫైలుకు తేదీతో కూడిన పేరు పెడితే రేపు వెదకుకొనే బాధ ఉండదు.

తెలుగులో టైపు చేయలేమని నిరాశపడవద్దు. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉన్నది. విండోస్ సెట్టింగ్సులో తెలుగు చేర్చుకొంటే చాలును. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వచ్చును.

దీనికి ఏండ్లు పట్టవు. 2017లో మొదలై 2024 మార్చితో ముగిసిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్‌లో శిక్షణ 20 గంటలే! లిబ్రేఆఫీసు వంటి ప్రోగ్రాములు ఉచితంగా దొరకును. ఐ.ఐ.టి. బొంబాయివారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులో కూడ ఉన్నవి.

మా అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ? ఆరు శనివారాలు మా ఇంటి పాత కంప్యూటరు ముందు కూర్చున్నది. మొదటి దినం తన పేరు టైపు చేయడానికే పది నిమిషాలు పట్టినది. ఆరవ శనివారం ఆహ్వాన పత్రం ముగించి, "అయ్యగారూ, ల్యాబులో ఈసారి నా వంతు నేనే అడుగుతాను" అన్నది.

తల్లిదండ్రులారా, బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మార్కులతోపాటు ఇంకొక ప్రశ్న కూడ అడగండి: "ఈ వారం మౌసు నీ చేతికి ఎంతసేపు వచ్చింది?" రాలేదంటే కోపపడక, అధ్యాపకులను వినయంగా అడిగే ధైర్యం చెప్పి పంపండి. గట్టుమీద కూర్చున్నవానికి ఈత రాదు గదా!