పసుపుతో శుక్లం పోతుందా? ఎలుకల ప్రయోగం నిజంగా చెప్పింది ఇదీ



ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయించాలని డాక్టరు చెబుతారు. ఆ సాయంత్రమే ఫోన్‌కు ఎవరో ఒక సందేశం పంపుతారు: పసుపులోని యాంటీఆక్సిడెంట్‌తో శుక్లం కరిగిపోతుందని శాస్త్రవేత్తలు నిరూపించారట! పెద్దవాళ్లకు ఆపరేషన్ అంటే ఎలాగూ భయమే. 'ఓ ఆరు నెలలు ఇది వాడి చూద్దాంలే' అంటారు. అప్పుడు మీరేం చెబుతారు?

పసుపు మీద ప్రయోగాలు జరిగిన మాట నిజం. అవి జరిగింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలోనే. అయితే అక్కడ తేలినది ఒకటి, ఫోన్లలో తిరిగేది ఇంకొకటి.

శుక్లం ఎలా వస్తుంది?

కంటిపాప వెనుక ఉండే లెన్స్ పుట్టుకతో గాజులా స్వచ్ఛంగా ఉంటుంది. దానికి రక్తనాళాలు ఉండవు. చర్మంలా పాతది రాలిపోయి కొత్తది రావడమూ ఉండదు. లెన్స్ నడిమధ్యన ఉన్న ప్రొటీన్లు మనం పుట్టకముందు తయారైనవే, జీవితాంతం అవే. ఎండ, పొగతాగడం, మధుమేహం, పెరిగే వయసు వీటిని కొద్దికొద్దిగా దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. వెలుతురు సూటిగా లోపలికి వెళ్లక చెదిరిపోతుంది. చూపు మసకబారుతుంది.

కోడిగుడ్డు తెల్లసొన వేడికి తెల్లబడటం గుర్తు చేసుకోండి. కారణం వేరైనా, అక్కడా జరిగేది ప్రొటీన్లు ముద్దకట్టడమే. ఉడికిన తెల్లసొన మళ్లీ పచ్చిసొన కాదు.

ఈ నష్టంలో పెద్ద భాగం ఆక్సీకరణ వల్ల జరుగుతుంది. దాన్ని అడ్డుకునేవే యాంటీఆక్సిడెంట్లు. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ వాటిలో ఒకటి.

ఎలుకల్లో ఎలా పరీక్షించారు?

మనిషికి శుక్లం రావడానికి దశాబ్దాలు పడుతుంది. పరిశోధకులు అంతకాలం ఆగలేరు. ఎలుకల మేతలో గాలక్టోజ్ అనే చక్కెర ఎక్కువగా కలిపితే కొన్ని వారాల్లోనే శుక్లం వస్తుంది.

2003లో వెలువడిన అధ్యయనంలో 21 రోజుల వయసున్న ఎలుకలను ఐదు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మామూలు మేత. రెండో గుంపు మేతలో 30 శాతం గాలక్టోజ్. మూడు, నాలుగు గుంపులకు అదే గాలక్టోజ్‌తో పాటు కర్కుమిన్ కలిపారు: 100 గ్రాముల మేతకు ఒక గుంపుకు 2 మిల్లీగ్రాములు, మరో గుంపుకు 10 మిల్లీగ్రాములు. ఐదో గుంపుకు గాలక్టోజ్ లేకుండా కర్కుమిన్ మాత్రమే. నాలుగు వారాల పాటు స్లిట్ ల్యాంప్‌తో కళ్లు పరీక్షించి, శుక్లం ఏ దశలో ఉందో రాసుకున్నారు.

2 మిల్లీగ్రాముల గుంపులో శుక్లం ఆలస్యంగా మొదలై, ఆలస్యంగా ముదిరింది. 10 మిల్లీగ్రాముల గుంపులో మొదలవడం కాస్త ఆలస్యమైంది కానీ, ముదరడం మాత్రం కర్కుమిన్ అసలే తినని రెండో గుంపు కంటే వేగంగా జరిగింది! మంచిదే కదా అని ఐదు రెట్లు పెంచితే ఐదు రెట్ల మేలు జరగలేదు, కీడు జరిగింది.

2005లో అదే సంస్థ మధుమేహం కలిగించిన ఎలుకలపై ఎనిమిది వారాల అధ్యయనం ప్రచురించింది. పసుపు, కర్కుమిన్ రక్తంలో చక్కెరను తగ్గించలేదు. కానీ శుక్లం ముదరడాన్ని ఆలస్యం చేశాయి.

మనుషుల సంగతి?

రెండు అధ్యయనాల్లోనూ పరీక్షించింది శుక్లం రాకుండా, ముదరకుండా ఆపడాన్ని. ముదిరిన శుక్లాన్ని కరిగించడాన్ని కాదు. పైగా కొన్ని వారాల్లో చక్కెరతో వచ్చే ఎలుక శుక్లం, అరవై ఏళ్లలో వచ్చే తాతయ్య శుక్లం ఒకటి కావు.

మనుషుల్లో కర్కుమిన్‌తో కాకపోయినా, ఇతర యాంటీఆక్సిడెంట్లతో పెద్ద పరీక్షలు జరిగాయి. దక్షిణ భారతంలో 798 మందికి ఐదేళ్లపాటు బీటా కెరోటిన్, విటమిన్ సి, ఇ మాత్రలో, మందు లేని ఉత్తుత్తి మాత్రలో ఇచ్చి చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి: శుక్లం ముదరడంలో తేడా లేదు. అమెరికాలో 2001లో వెలువడిన ఎరెడ్స్ అధ్యయనంలోనూ శుక్లం విషయంలో ఇదే తేలింది.

మరి ఇంట్లో ఏం చేయాలి?

• కూరల్లో పసుపు ఎప్పటిలాగే వాడండి. కర్కుమిన్ మాత్రలు మాత్రం డాక్టరును అడగకుండా వద్దు.

• కంట్లో పసుపునీళ్లు, తేనె లాంటివి వేయకండి.

• డాక్టరు ఆపరేషన్ అవసరమన్నాక ఇలాంటి మందుల కోసం వాయిదా వేయకండి. శుక్లం మరీ ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది, కంటిలో ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంది.

• పెద్దవాళ్ల షుగర్ అదుపులో ఉంచండి. పొగతాగడం మాన్పించండి. ఎండలోకి వెళ్తే టోపీ, చలువ కళ్లద్దాలు అలవాటు చేయండి.

• పిల్లల కళ్లు దురదపెడితే, ఎర్రబడితే, పాత చీటీతో మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొనకండి. ఎక్కువకాలం వాడితే అవే శుక్లానికి, నీటికాసులకు దారితీస్తాయి.

• పసిపిల్లల కంటిపాప తెల్లగా మెరుస్తుంటే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి.

ఈ నెల పిల్లలతో కలిసి

'శాస్త్రవేత్తలు నిరూపించారు' అన్న సందేశం ఈసారి వచ్చినప్పుడు మీ అబ్బాయితోనో అమ్మాయితోనో కూర్చుని నాలుగు ప్రశ్నలు వేయండి. పరీక్షించింది ఎవరి మీద? ఎంత మోతాదు? దేనితో పోల్చారు? జబ్బు రాకుండా ఆపిందా, వచ్చినదాన్ని పోగొట్టిందా? జవాబులు వెతికే పని పిల్లలకే అప్పగించండి. వాళ్లు కనుక్కున్నది తాతయ్యకు వాళ్లనే చెప్పనివ్వండి. మన మాట కంటే మనవల మాటే ఆయన తొందరగా వింటారు.