శుక్రకణములోని డి.ఎన్.ఏ.

సంతానం లేని ఇంట మొదట స్త్రీనే తప్పుపట్టడం మన సమాజంలో పాతుకొనిపోయిన అలవాటు. భర్త వీర్యపరీక్షలో కణాల సంఖ్య సరిగా ఉన్నదని తేలితే ఆ నింద మరింత బలపడుతుంది. అయితే ఆ పరీక్ష దేనిని చూస్తుంది, దేనిని చూడదు అన్నది విచారింపవలసిన విషయం.

లీవెన్‌హుక్ 1677లో సూక్ష్మదర్శినితో శుక్రకణాలను చూచాడు. నాటినుండి కంటికి సులభంగా అందినవి వాటి సంఖ్య, చలనం, ఆకారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన గ్రంథం మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు, 42 శాతం చలనం, 4 శాతం సక్రమాకారం కనీసపు హద్దులుగా పేర్కొన్నది. కాని తపాలా బంట్రోతు చురుకుగా నడిచినంత మాత్రాన సంచిలోని ఉత్తరం చినగలేదని చెప్పగలమా?

ఆ ఉత్తరమే డి.ఎన్.ఏ. విప్పితే దాదాపు ఒక మీటరు పొడవుండే ఈ పోగు, మిల్లీమీటరులో రెండువందలవ వంతు మాత్రమే ఉన్న కణశిరస్సులో ఇమిడి ఉండాలి. అందుకై కణం పక్వమయ్యే దశలో హిస్టోనులనే ప్రోటీనులు చాలమట్టుకు తొలగిపోయి, వాటి స్థానంలో ప్రోటమినులు చేరి పోగును గట్టిగా బిగిస్తాయి. బిగింపు సడలినచోట పోగు సులువుగా తెగుతుంది. ప్రాణవాయువునుండి పుట్టే తీవ్రమైన అణువులు దీనికి ప్రధాన శత్రువులు. పొగత్రాగుడు, తీవ్రజ్వరం, వృషణాల సిరలు ఉబ్బే వేరికోసీల్ అనే వ్యాధి, పైబడే వయస్సు కూడ ఈ నష్టాన్ని పెంచుతాయి.

శరీరంలోని ఇతర కణాలు తమ డి.ఎన్.ఏ.ను తామే బాగుచేసుకొంటాయి. పక్వమైన శుక్రకణానికి ఆ శక్తి దాదాపు లేదు. ఫలదీకరణ జరిగిన పిమ్మట ఆ భారం అండంపై పడుతుంది. కొంత నష్టాన్ని అండం సరిదిద్దగలదు. మితిమీరితే పిండం ఎదుగక గర్భం నిలువకపోవచ్చు. నింద మోసే స్త్రీ శరీరమే పురుషుని లోపాన్ని సరిదిద్దుతున్నదన్నమాట!

చలనం మందగించిన, ఆకారం చెడిన నమూనాలలో తెగిన డి.ఎన్.ఏ. ఎక్కువగా కనబడటం నిజమే. అయినా ఈ సంబంధం సంపూర్ణం కాదు. మూడు లెక్కలూ సరిగా ఉన్నవారిలోనూ ఈ లోపం దాగి ఉండవచ్చును. దానిని కనిపెట్టే పద్ధతిని ఎవెన్సన్, ఆయన సహచరులు 1980లో ప్రకటించారు. ఆక్రిడిన్ ఆరెంజ్ అనే రంగు పట్టించినపుడు చెక్కుచెదరని పోగు ఆకుపచ్చగాను, చెదరినది ఎర్రగాను వెలుగుతుంది. ఈ పరీక్ష అందరికీ అవసరం లేదు. గర్భస్రావాలు పదేపదే జరుగుతున్న దంపతుల విషయంలో వైద్యులు దీనిని ఆలోచిస్తారు.

శుక్రకణం తయారగుటకు సుమారు 74 దినాలు పడుతుంది. కనుక జ్వరం తగ్గిన తరువాతనో, పొగత్రాగుడు మానిన తరువాతనో మూడు మాసాలు ఆగి మరల పరీక్షించడం ఉచితం.